గిడ్డయ్య అను చీనీ చెట్టు

14-7-2024

అక్కా,

వందనాలు. ఇక్కడ అందరూ ఉత్తరాన్ని "నేను క్షేమం" అని మొదలుపెడతారు. జైల్లో క్షేమం అంటే ఏమిటో నాకు తెలియదు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, మోకాలి నొప్పి తగ్గింది.

అసలు సంగతి రాస్తాను. మార్చి నుంచి నన్ను తోట పనిలో వేశారు. జైలు వెనక పదెకరాల తోట ఉంది. చీనీ, నిమ్మ, జామ. ఒక ఆఫీసరు వారానికి రెండు రోజులు వచ్చి పని నేర్పిస్తాడు, మన చీనీని ఆయన బత్తాయి అంటాడు. కొమ్మ ఎక్కడ కోయాలి, కోసిన చోట ఏం పూయాలి, ఏ నెలలో నీళ్లు ఆపాలి, అన్నీ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. నలభై రెండేళ్లకు మళ్లీ బడికి పోయినట్టుంది. ఆయన పాఠం చెబుతుంటే నాకు మన ఏడు చెట్లే కళ్లలో మెదులుతాయి.

నాన్న ఏ తోటలో కూలికి పోతే ఆ తోటవాళ్లను ఒక మొక్క అడిగి తెచ్చేవాడు కదా. ఇచ్చినవాళ్ల పేరే చెట్టుకు. ఆదోని సుబ్రమణ్యం శెట్టి మామిడి, రామమ్మ జామ, తాయమ్మ నిమ్మ, పాస్టరుగారింటి నుంచి వచ్చిన చీనీల జంట అయ్యగారు, అమ్మగారు. పక్క పొలం అన్నదమ్ములు తలా ఒకటి ఇచ్చిన చీనీలు గిడ్డయ్య, వీరేష్. "ఈ యేడు శెట్టి బాగా కాసినాడు, రామమ్మకు పురుగు పట్టింది" అని నాన్న అంటుంటే కొత్తగా వచ్చిన చుట్టాలు బిత్తరపోయి చూసేవాళ్లు.

నేను లోపలికొచ్చి ఆరేళ్లు. ఆ చెట్లను ఎవరైనా చూశారా అక్కా? వచ్చే ఏడాది ఆగస్టులో నన్ను వదులుతారని ఇక్కడ అనుకుంటున్నారు. సునీత పత్తికొండలో పుట్టింట్లోనే ఉండిపోయింది, తిరిగి రాదు. నీళ్ల తగాదాలో వీరేష్‌ను కొట్టి చంపినవాడు ఊళ్లో ఎవరి గడప ముందు నిలబడి కూలి అడుగుతాడు? ఆ అరెకరం, ఆ చెట్లు బతికి ఉంటేనే నేను ఊళ్లో అడుగుపెట్టగలను. అవి లేకపోతే ఇటు నుంచి ఇటే ఎటైనా పోతాను.

ఒక ఆదివారం పోయి చూసి రాయి.

నీ తమ్ముడు,
యేసేపు

*

ఎమ్మిగనూరు
11-8-2024

యేసేపుకు అక్క రాయునది.

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైందని ముఖం మాడ్చుకోకు. బడి వంటగదిలో ఇద్దరం చేయాల్సిన పని నేనొక్కదాన్నే చేస్తున్నాను. రెండో ఆమెకు పెళ్లై ఆదోని పోయింది. నూట ఎనభై మందికి అన్నం వండి, గుడ్లు ఉడికించి, వలిచి, ఇంటికొస్తే నా చేతులు నా మాట వినవు.

ఈ రోజు ఆరాధన అయ్యాక గోనెగండ్ల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. మన చేనును నేనే గుర్తుపట్టలేదు. అంతా ముళ్ల కంప. చీర చించుకుని లోపలికి దూరాను. ఆరు చెట్లు ఉన్నాయి. బాగున్నాయని చెప్పను గానీ ఉన్నాయి. శెట్టి ఎప్పటిలాగే దర్జాగా ఉన్నాడు. రామమ్మ నడుం వంగిపోయింది. తాయమ్మకు అన్నీ ముళ్లే, కాయ లేదు. వీరేష్ ఎండిపోయాడు.

నిజం చెబుతాను. నువ్వు పోయిన మొదటి ఏడాది నేను నెలకోసారి పోయి తలా రెండు బిందెలు పోసి వచ్చేదాన్ని. ఆ ఒక్క చెట్టుకు పోయడానికి నాకు చేయి రాలేదు. ఆ తర్వాత అసలు పోవడమే మానేశాను.

మరి మిగతావి ఎలా బతికాయా అని చూస్తే, గిడ్డయ్య (మనిషి గిడ్డయ్య) తన బోరు కాలువకు మన వైపు గండికి మట్టి వేసి మడవ కట్టకుండా వదిలేశాడు. ఆయన పత్తికి పారించుకున్నప్పుడల్లా కొన్ని నీళ్లు మన చేలోకి వస్తున్నాయి. ఆరేళ్లుగా ఆయన నాతో మాట్లాడింది లేదు. ఈ రోజు కూడా గట్టు మీద నన్ను చూసి, మోటారు వేసి వెళ్లిపోయాడు. తమ్ముణ్ని చంపినవాడి చెట్లకు నీళ్లు ఎందుకు వదులుతున్నాడో నేను అడగలేదు. అడిగితే ఆపేస్తాడని భయం.

ఏం చేయాలో రాయి. నాకు చెట్ల సంగతి ఉల్లిగడ్డంత కూడా తెలియదు. పూసగుచ్చినట్టు రాయి.

అక్క సువార్తమ్మ

*

25-8-2024

అక్కా,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. గిడ్డయ్య నీళ్ల సంగతి దగ్గర పదిసార్లూ ఆగాను. ఆ మనిషికి నేను ఎలా ముఖం చూపించాలో తెలియదు.

వారానికి ఐదు నిమిషాలు ఫోను ఇస్తారు. కానీ రాయించిన నంబరుకే చేయాలి. నేను రాయించింది సునీతది. ఎత్తదు. నీ నంబరు రాయిద్దామంటే నీ ఇంటిపేరు, నా ఇంటిపేరు వేరుగా ఉన్నాయి, అక్కేనని రుజువు కావాలి అన్నారు. పెళ్లైన అక్కకు వేరే ఇంటిపేరు ఉంటుందని చెప్పాను. కాగితం తెమ్మన్నారు. కాబట్టి ఉత్తరాలే మనకు గతి. మనం రాసేది మొదట ఇక్కడ ఒక సారు చదువుతాడు. చదవనీ, చెట్ల గురించి నాలుగు ముక్కలు నేర్చుకుంటాడు.

పని: కంప కొట్టించు. ఎండు పుల్లలన్నీ తీసెయ్. తర్వాత ముఖ్యమైనది, ప్రతి చెట్టుకూ నీటి కొమ్మలు ఒక్కటి కూడా లేకుండా మొదటికంటా కోయించు. అవి ఉన్నంతకాలం చెట్టు కాయదు. కోసిన చోట బోర్డో పేస్టు పూయి. ఎమ్మిగనూరు మందుల అంగడిలో అడిగితే ఇస్తారు.

యేసేపు

*

ఎమ్మిగనూరు
22-9-2024

యేసేపుకు,

అంతా అయింది. ఇద్దరు కూలీలను పెట్టి రెండు ఆదివారాలు దగ్గరుండి చేయించాను. కంప పోయింది. చేను గుండు కొట్టించుకున్నవాడిలా తేటగా ఉంది. పేస్టు పూసి పూసి నా గోళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి. బడిలో పిల్లలు "ఆయమ్మా, ఇంకు తాగినావా" అంటున్నారు.

నీటి కొమ్మలు కూడా ఒక్కటి వదల్లేదు. కాలువ వైపు ఉన్నవన్నీ, లావువి కూడా, మొదటికంటా తీయించాను. అయ్యగారికి, అమ్మగారికి ఆ వైపే కొమ్మలు ఎక్కువ, రంపంతో కోయాల్సి వచ్చింది. నీళ్ల పక్క కొమ్మలు చెట్టుకు చెడుపని నాకు ఇన్నాళ్లూ తెలియదు. కూలీలు మాత్రం "ఏందమ్మా ఇట్ల కోయిస్తాండావు, మంచి కొమ్మలు కదా" అన్నారు. "మా తమ్ముడు సదువుకున్నాడు, నువ్వు కొయ్యి" అన్నాను.

మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాయి.

అక్క

*

6-10-2024

అక్కా,

నువ్వు ఏం చేశావో నీకు తెలుసా? నీటి కొమ్మలంటే నీళ్ల పక్కనున్న కొమ్మలు కాదు. చెట్టు సత్తువంతా తాగేసి, ఒక్క కాయ కూడా కాయకుండా నిటారుగా పైకి లేచే పిచ్చి కొమ్మలు. వాటిని ఉంచి, కాసే కొమ్మలన్నీ తీయించావు. ఇరవై ఏళ్ల కొమ్మలు అక్కా అవి. ఆ కూలీలకు ఉన్న తెలివి నీకు లేకపోయింది.

తెలియకపోతే ఆగి అడగాలి. ఇకమీదట నేను రాసింది రాసినట్టు చెయ్యి. నీ సొంత అర్థాలు తీయకు.

యేసేపు

*

ఎమ్మిగనూరు
27-10-2024

యేసేపు,

చదివాను. నాకు తెలివి లేదు, ఒప్పుకుంటున్నాను. తెలివి ఉంటే ఆదివారం ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకునేదాన్ని.

పోయి ఆ పిచ్చి కొమ్మలు కూడా తీయించాను. తీసేటప్పుడు ఒక్కొక్కటీ పట్టుకుని ఇది నిటారుగా ఉందా లేదా అని నాలుగుసార్లు చూశాను. ఆ రోజంతా నాకు ఏడుపు ఆగలేదు. ఇకనుంచి నువ్వు రాసిన అక్షరం దాటను. తర్వాత ఏం చేయాలో రాయి.

సువార్తమ్మ

*

20-11-2024

అక్కా,

కోపంలో రాశాను, మనసులో పెట్టుకోకు. ఇక్కడ కూర్చుని నేను చేయగలిగింది రాయడమే. అది కూడా తప్పు అర్థమైతే నా చేతుల్లో ఏమీ లేనట్టు అనిపిస్తుంది. సగం కొమ్మలైనా మిగిలాయి కదా, వాటితోనే పూయిద్దాం. ఆగస్టులో నేను వచ్చేసరికి చెట్టు మీద కాయ ఉండాలి.

ఇది జాగ్రత్తగా చదువు. దీన్ని బెట్ట పెట్టడం అంటారు. డిసెంబరు ఒకటి నుంచి నీళ్లు ఆపు. గిడ్డయ్య కాలువ నుంచి మన వైపు వచ్చే మడవను మట్టి వేసి, తొక్కి కట్టెయ్. చెట్ల చుట్టూ జానెడు లోతు తవ్వి, సన్న వేళ్లకు గాలి తగలనివ్వు. చెట్టుకు చావు భయం పుట్టాలి. ఆ భయంతోనే ఒక్కసారిగా పూత పూస్తుంది. మా ఆఫీసరు చెప్పిన మాట ఇది, నేను ఇక్కడ కళ్లారా చూశాను.

ఆకు ముడుచుకుంటుంది. పసుపు తిరుగుతుంది. రాలిపోతుంది. భయపడకు, అదే మనకు కావాల్సింది. చూసినవాళ్లందరూ నీళ్లు పెట్టమని ప్రాణం తీస్తారు. ఎవరు చెప్పినా వినొద్దు. ఎన్ని రోజులన్నది నేలను బట్టి, ఆకును బట్టి ఉంటుంది. అది నేను చెబుతాను. మళ్లీ నేను రాసేదాకా చుక్క నీళ్లు పెట్టొద్దు.

యేసేపు

*

ఎమ్మిగనూరు
22-12-2024

యేసేపుకు,

నువ్వు రాసినట్టే ఒకటో తారీఖున మడవ కట్టాను. కట్టి, మీదెక్కి తొక్కాను. అప్పుడే గిడ్డయ్య వచ్చాడు. నా కాళ్ల వైపు, కట్టిన మడవ వైపు చూసి అలాగే నిలబడిపోయాడు. నీ నీళ్లు మాకు అక్కర్లేదని అన్నట్టు అనుకున్నాడేమో. పిలిచి చెప్పుదామంటే ఆరేళ్ల నుంచి లేని మాట ఆ క్షణంలో నోటికి రాలేదు. తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు. నాకు సిగ్గనిపించింది.

పాదులు తవ్వాను. ఆకులు ముడుచుకోవడం మొదలైంది. ఒక సంగతి అడగాలి. గిడ్డయ్యకు (చెట్టుకు) మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతోంది. ఒక పక్క కొమ్మలు ఎండుతున్నాయి. వీరేష్‌కు కూడా అప్పట్లో ఇలాగే బంక కారినట్టు గుర్తు. ఏం చేయమంటావు?

పండగకు చర్చికి నక్షత్రం కట్టారు. ఈసారి పలావు నేనే వండాలట. అక్కడ మీకు ఆ రోజైనా కూర వేస్తారా?

అక్క

*

2-1-2025

అక్కా,

గిడ్డయ్య సంగతి చదివాను. ఇక వాడి మీద జాలి పెట్టుకోకు. వీరేష్ ఎటూ పోయాడు. వీణ్ని ఇలాగే వదిలేస్తే అయ్యగారు, అమ్మగారు కూడా పోతారు. ఇద్దరు మనుషుల్ని పెట్టి మొదటికంటా నరికించు. వేళ్లు ఒక్కటి కూడా మిగలకూడదు, ఏరి అక్కడే కాల్చెయ్. కత్తికి అంటింది ఇంకొకరికి అంటకుండా మందు నీళ్లతో కడుగు. ఆలస్యం చేయొద్దు.

మిగతావాళ్లందరికీ పదిహేనో తేదీ నుంచి నీళ్లు వదులు. నలభై ఐదు రోజులు చాలు, అంతకు మించితే తట్టుకోలేరు. మొదట పాదులు మట్టితో కప్పు. మొదటి రోజు కొంచెం, మూడో రోజు ఇంకొంచెం, వారానికి నిండుగా పెట్టు.

పండగ రోజు కూర వేశారు. నీ పలావు ముందు అది కూర కాదు.

యేసేపు

*

ఎమ్మిగనూరు
26-1-2025

యేసేపు,

నీ ఉత్తరం రాలేదు. పోస్టుమ్యాన్‌ను రెండుసార్లు అడిగాను. ఆ కొమ్మల సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా? పెట్టుకో. నేను మాత్రం మాట తప్పలేదు.

నువ్వు ఎలా జరుగుతుందని రాశావో అచ్చం అలాగే జరుగుతోంది. ఆకు ముడుచుకుంది, పసుపు తిరిగింది, ఇప్పుడు రాలుతోంది. అయ్యగారి మీద పది ఆకులు కూడా లేవు. అమ్మగారికి ఇంకా కొన్ని ఉన్నాయి, రెండు వారాల్లో అవి కూడా పోతాయి. తాయమ్మ పూర్తిగా రాల్చేసింది, అందరికంటే చురుకు. నాకు ఎంత సంతోషంగా ఉందో. మొదటిసారి ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

ఇక నీళ్లు వదలమంటావా? గిడ్డయ్య బంక సంగతి కూడా రాయి. రాసేదాకా చుక్క పెట్టను.

అక్క

*

9-2-2025

అక్కా,

ఈ ఉత్తరం నీకు రాదు. నా ఉత్తరాలు బయటికి పోకుండా ఆపేశారు. నోటుబుక్కులో రాసుకుంటున్నాను. నీవి మాత్రం చదివి నాకు ఇస్తున్నారు.

జనవరి రెండున రాసింది ఉత్తరాలు చదివే సారు దగ్గరే ఆగిపోయింది. నన్ను పిలిపించారు. బల్ల మీద నా కేసు కాగితాలు, పక్కన నా ఉత్తరం.

"గిడ్డయ్య ఎవడు?" అన్నారు.

"చీనీ చెట్టు సార్."

"కేసులో మొదటి సాక్షి గిడ్డయ్య, చనిపోయినవాడి అన్న. ఆయన కూడా చెట్టేనా?"

"ఆయన మనిషే సార్. ఆయన ఇచ్చిన మొక్క కాబట్టి ఆ పేరు."

"వీరేష్?"

"అది కూడా చెట్టే సార్."

"అయితే నువ్వు చంపింది చెట్టునా?"

ఆ మాటకు తల దించుకున్నాను. అది వాళ్లకు ఒప్పుకున్నట్టు కనిపించింది.

పాత ఉత్తరాలన్నీ తీశారు. నీటి కొమ్మలు, బెట్ట, మడవ, అన్నీ రహస్య భాషట. వేళ్లు కాల్చమన్నది మనిషి చేతివేళ్లట. నా రాత నేనే మళ్లీ చదువుకుంటే నాకే అలాగే కనిపించింది. తోట పని తీసేశారు. మూడు నెలలు ఉత్తరాలు, ఫోను, ములాఖత్ అన్నీ బందు. "నన్ను ఏమైనా చేయండి, మా అక్కకు నీళ్లు పెట్టమని ఒక్క ముక్క చెప్పండి సార్" అన్నాను. ఆ మాట కూడా రాసుకున్నారు.

నిన్న నీ ఉత్తరం ఇచ్చారు. తాయమ్మ చురుకని రాశావు. అది చురుకు కాదక్కా, పోతోంది. పెట్టు. ఇప్పుడే పోయి పెట్టు.

యేసేపు

*

ఎమ్మిగనూరు
23-2-2025

యేసేపుకు,

ఏం జరిగిందో ఇప్పుడు తెలిసింది. పోలీసులు గిడ్డయ్య ఇంటికి పోయి, "జైల్లో ఉన్నవాడు నిన్ను నరకమని అక్కకు రాసినాడు, నీకేమైనా రక్షణ గావాల్నా" అని అడిగారట. తర్వాత బడికి వచ్చి నన్ను అడిగారు. పిల్లలంతా అన్నం పళ్లేలు పట్టుకుని చూస్తున్నారు. నేను చెట్టు, చెట్టు అంటుంటే వాళ్లు నవ్వారు.

పోయిన ఆదివారం చేలో ఉంటే గిడ్డయ్య వచ్చాడు. ఆరేళ్ల తర్వాత మొదటి మాట.

"నన్నేల నరకమన్నాడు సువార్తా? నేనేం సేసినాను? నీళ్లు ఇడిసినందుకా?"

నేను ఆయన చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి తీసుకుపోయాను. "అన్నా, నువ్వు గాదు, ఇదీ గిడ్డయ్య. బంక కారుతాంది సూడు" అన్నాను. ఆయన వంగి ఆ బంకను వేలితో తీసి చూశాడు. తను మొక్క ఇచ్చిన సంగతి ఆయనకు గుర్తుంది గానీ దానికి తన పేరున్నట్టు తెలియదట. "మా వీరేషుది యాది?" అన్నాడు. చూపించాను. ఎండిన చెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాకు ఆ చోటు నుంచి పారిపోవాలనిపించింది.

తర్వాత చుట్టూ చూసి, "ఇవన్నీ సస్తాండాయి. మడవ తీస్తా, నీళ్లు పెట్టు" అన్నాడు. నేను వద్దన్నాను. "తమ్ముడు రాసేదాకా పెట్టకూడదన్నా" అన్నాను. "నేను పత్తి రైతునే గానీ ఎండిన చెట్టు నాకు తెల్దా? పెట్టు తల్లీ" అని బతిమాలాడు. ఎవరు చెప్పినా వినొద్దని నువ్వు ముందే రాశావు. ఆయన పార తీసుకుంటే నేను మడవ మీద నిలబడ్డాను.

తప్పు చేశానా? నా అంతట నేను వదిలి, పూత రాకుండా పోతే, మళ్లీ నీ చెట్లు పాడు చేసినదాన్ని నేనే అవుతాను. ఆపి ఉంచితే నీ మాట మీద ఉన్నట్టు. నాకు ఇంతకంటే తెలియడం లేదు. ఉత్తరాలు ఆపేశారని తెలుసు. ఎవరి చేతనైనా ఒక మాట పంపు.

అక్క

*

12-3-2025

అక్కా,

ఆయన పార పట్టుకుంటే నువ్వు మడవ మీద నిలబడ్డావా?

ఎవరు చెప్పినా వినొద్దని రాసిన చెయ్యి నాదే. నలభై ఐదు రోజులని ఆ రోజే రాసి ఉంటే ఏం పోయేది? నేనే చెప్పాలి, నేనే చెప్పాలి అనుకున్నాను. ఇక్కడ నా మాట వినే ప్రాణి ఎవరూ లేరు. నువ్వు వింటుంటే బాగుండింది. అదీ సంగతి.

నూట రెండు రోజులైంది. ఈ నోటుబుక్కులో లెక్క పెట్టుకుంటూ కూర్చోవడం తప్ప నాకు పని లేదు.

యేసేపు

*

ఎమ్మిగనూరు
13-4-2025

యేసేపుకు,

మార్చి ఆఖర్లో ఒక రోజు సెలవు పెట్టి నిన్ను చూడటానికి వచ్చాను. నీకు చెప్పి ఉండరు. ములాఖత్ లేదన్నారు. గేటు దగ్గర ఉన్నతన్ని "లోపలికి రానియ్యకపోయినా సరే, నీళ్లు పెట్టాల్నా వద్దా అని ఒక్క మాట అడిగి రాండి సార్" అని అడిగాను. "ఇదిగూడ సీక్రెట్ కోడేనామ్మా" అని నవ్వాడు. బస్టాండులో కూర్చుని టీ తాగి తిరిగి వచ్చాను.

గిడ్డయ్య నీ కోసం స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాడు. నీ కోసం అంటే ఒప్పుకోడు, తన పేరు కోసమంటాడు. "గిడ్డయ్య అను పేరుగల చీనీ చెట్టు ఒకటి కలదు, సదరు ఉత్తరములోని గిడ్డయ్య అదియే, నేను కాదు" అని రాసి వేలిముద్ర వేశాడు. దానికి వీఆర్వో సర్టిఫికెట్ తెమ్మన్నారు. చెట్ల పేర్లు మా రికార్డులో ఉండవని వీఆర్వో నెల తిప్పాడు. చివరికి ఎస్సై స్వయంగా చేలోకి వచ్చాడు.

"ఏమ్మా, గిడ్డయ్య యాడ?" అన్నాడు. మనిషి గిడ్డయ్య ముందుకొచ్చి, "నేను గాదు సార్, ఆడ" అని చెట్టును చూపించాడు. ఎస్సై దాని చుట్టూ తిరిగాడు. కొమ్మ వంచితే పుల్లలా విరిగింది. "నిజమే, నరకాల్సిందే" అని ఫోటో తీసుకుని పోయాడు. ఆ ఒక్క ఫోటోతో నువ్వు నిర్దోషివి అయ్యావు. చెట్టు పచ్చగా ఉండి ఉంటే నమ్మేవాడు కాదేమో.

పూత మాత్రం ఇంకా రాలేదు. రావాలి కదా?

అక్క

*

21-4-2025

అక్కా,

బందు తీసేశారు. ఆగస్టు జాబితాలో నా పేరు అలాగే ఉందట. ఈ కార్డు చూసిన వెంటనే పాదులు కప్పి నీళ్లు పెట్టు. అన్నిటికీ. నా ఉత్తరం కోసం ఇంకెప్పుడూ చూడకు. గిడ్డయ్యను నరకొద్దు. నోటుబుక్కు కాగితాలు, ఆగిపోయిన ఉత్తరం వేరే కవరులో పంపుతున్నాను.

యేసేపు

*

ఎమ్మిగనూరు
4-5-2025

యేసేపుకు అక్క రాయునది.

కార్డు, కవరు రెండూ శుక్రవారం ఒకేసారి వచ్చాయి. వంట మధ్యలో చదివాను. బడికి సెలవులే గానీ పిల్లలకు వేసవి తరగతులు, అన్నం వండాల్సిందే. జనవరి పదిహేను నుంచి నీళ్లు వదలమని రాశావు. ఆ కాగితం పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుండిపోయాను. అన్నం మాడింది. పిల్లలు మాడిన అన్నమే తిన్నారు.

ఈ రోజు పోయాను. గిడ్డయ్య అప్పటికే మోటారు దగ్గర ఉన్నాడు, నేను కార్డు వచ్చిందని ఫోను చేసి చెప్పాను. మడవ ఆయన తీయలేదు, నన్నే తీయమన్నాడు. కట్టింది నేనే కాబట్టి. ఐదు నెలలు ఎండిన మట్టి, పారకు కూడా లొంగలేదు. ఇద్దరం కలిసి తీశాం.

నువ్వు రాసినట్టే మొదట పాదులు కప్పాను. తర్వాత ఏడు చెట్లకూ నీళ్లు పెట్టాను. వీరేష్‌కు కూడా పెట్టాను. ఎండినదానికి ఎందుకని గిడ్డయ్య అడగలేదు. అడగడానికి అక్కడ పచ్చగా ఏముంది?

దాచి లాభం లేదు. తాయమ్మ పోయింది. అయ్యగారు పోయారు, అమ్మగారు పోయారు. గోటితో బెరడు గీకి చూశాను, లోపల కూడా గోధుమరంగే. గిడ్డయ్య పోయాడు. రామమ్మ కింద ఒక పక్క కొంచెం పచ్చిగా ఉంది, ఉంటుందో పోతుందో. శెట్టి ఒక్కడే బతికాడు, వాడికి మనం చేసింది ఏమీ పట్టలేదు. నువ్వు లేని ఆరేళ్లు ఆయన వదిలిన నీళ్లతో ఇవన్నీ బతికాయి. నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసిన ఐదు నెలల్లో పోయాయి. నీ తప్పా, నా తప్పా, ఆ ఉత్తరాలు చదివే సారుదా అని బస్సులో వస్తూ ఆలోచించాను. ఎమ్మిగనూరు వచ్చింది గానీ తేలలేదు.

నీళ్లు చివరి చెట్టు దాకా పారాక గిడ్డయ్య మోటారు ఆపి, "ఎప్పుడొస్తాడు మీవోడు?" అని అడిగాడు. ఆగస్టులో అన్నాను. ఆయన పార కడుక్కుని వెళ్లిపోయాడు.

చెట్లు బతికి ఉంటేనే ఊళ్లో అడుగుపెడతానని మొదటి ఉత్తరంలో రాశావు. ఇప్పుడు చెట్లు లేవు. రానని మాత్రం రాయకు యేసేపూ. నువ్వు ఏది రాస్తే అది చేయడం నాకు అలవాటైపోయింది.

నీ అక్క,
సువార్తమ్మ